నేను తినలేదమ్మా అన్న పిట్ట



ఈ నెల మిమ్మల్ని చాలా దూరం వెంటబెట్టుకొని పోవాలని ఉంది. మన ఊళ్ళనుండి రెండు రాత్రులు రైలులో గడిపితే గాని చేరలేని చోటు అది. ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని నైనీతాల్ జిల్లాలో, హిమాలయ పర్వతాల ముందు వరుస కొండల మీద, మూడు దినాలు ఒక గైడు వెంట అడవులలో పిట్టలు చూస్తూ తిరిగాము. బయలుదేరక ముందు మా సంఘంలోని ఒక పెద్దమ్మ, "పిట్టల్ని చూడడానికి అంత డబ్బు పెట్టుకొని అంత దూరం పోవాలా అయ్యగారూ? మన చింతచెట్టు మీద లేవా?" అని అడిగారు. మేము నవ్వి ఊరుకున్నాము. తిరిగి వచ్చిన తరువాత ఆ అమ్మకు చెప్పిన సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాము. అందులో మేము తలవంచుకోవలసి వచ్చిన సంగతి ఒకటి ఉంది. దానిని దాచకుండా చెప్పాలనే ఈ పేజీ మొదలుపెట్టాము.

నిజానికి మేము పిట్టల కోసం బయలుదేరలేదు. నైనీతాల్‌కు దగ్గరలో సాత్‌తాల్ అనే చోటు ఉంది. సాత్ తాల్ అంటే ఏడు చెరువులు. సముద్ర మట్టానికి 1,370 మీటర్ల ఎత్తున, చుట్టూ అడవి, మధ్యలో పచ్చని నీళ్ళు. అమెరికా దేశస్థుడైన మెథడిస్టు మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ 1930లో అక్కడ ఒక క్రైస్తవ ఆశ్రమాన్ని స్థాపించారు. జాతి భేదం, కుల భేదం లేకుండా అందరూ ఒకచోట ఉండి, పనులు కూడా పంచుకొని చేసుకోవాలని ఆయన కోరిక. ఆయన 1973లో మన దేశంలోనే, బరేలీ పట్టణంలో కన్నుమూశారు. ఆయన పెట్టిన ఆశ్రమం ఇప్పటికీ ఉన్నది. ఆ ప్రాంతంలో జరిగిన నాలుగు దినాల కూటములకు మేము వెళ్ళాము. మేము, మా ఇంటివారు, పదిహేనేళ్ళ మా చిన్నబ్బాయి, సంఘపెద్దలు ఇద్దరు, బడిలో సైన్సు చెప్పే సహోదరి ఒకరు, వెరసి ఆరుగురం. ఢిల్లీలో రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి కాఠ్‌గోదాం చేరుతుంది. రైలు పట్టాలు అక్కడితో సరి. అక్కడినుండి జీపులో కొండదారి. ఆ మలుపులకు మా పెద్దలలో ఒకరు మూడుసార్లు జీపు ఆపించారు పాపం.

కూటములు అయిన తరువాత తిరుగు టిక్కెట్లకు ఇంకా మూడు దినాల వ్యవధి ఉంది. సాత్‌తాల్ అడవి పిట్టలకు పేరుపొందిన చోటు గనుక దేశదేశాలనుండి జనం దుర్భిణులు మెడలో వేసుకొని అక్కడికి వస్తారు. సైన్సు సహోదరి పట్టుబట్టి ఒక గైడును మాట్లాడింది. ముప్పయి ఏళ్ళ కుమావూ యువకుడు. వాళ్ళ నాన్న తన చిన్నతనంలో అడవికోళ్ళకు ఉచ్చులు పెట్టేవాడట. "మా నాన్న పట్టి అమ్మేవాడు, ఒక కోడి ఒక్కసారే అమ్ముడుపోయేది. నేను అదే కోడిని రోజూ చూపించి రోజూ కూలి తీసుకుంటున్నాను" అని నవ్వుతూ చెప్పాడు. మాకు హిందీ అంతంతమాత్రం. సహోదరి తెలుగులో చెప్తూ ఉంటే విన్నాము.

అతడు మొదటే ఒక నియమం పెట్టాడు. "పాదరీ జీ, ఎవరూ పిట్టను చూడగానే పేరు చెప్పకూడదు. ముందు బాగా చూడండి. ముక్కు ఎలా ఉంది, తోక కింద ఏ రంగు ఉంది, నేల మీద ఉందా, కొమ్మ మీద ఉందా, ఏం చేస్తున్నది? అవి చెప్పండి. పేరు ఆఖరున." వినడానికి తేలికగా ఉంది గాని చేయడం ఎంత కష్టమో అయిదు నిమిషాలలోనే తెలిసింది. ఒక పొద మీద జుట్టు నిక్కబొడుచుకొన్న పిట్టను చూచి మా పెద్దలలో ఒకరు, "ఇది మన పికిలిపిట్టే గదా, మా కంచె మీద రోజూ ఉంటుంది" అన్నారు. గైడు తన దుర్భిణి ఆయనకిచ్చి, "తోక కింద చూడండి" అన్నాడు. మన పికిలిపిట్టకు తోక కింద ఎరుపు. దీనికి పసుపు. బుగ్గలు తెల్లగా ఉన్నాయి, తల మీది జుట్టు ముందుకు వంగి ఉంది. అది హిమాలయపు పికిలి. పెద్దాయన దుర్భిణి దించి, "అరవై ఏళ్ళు వచ్చినా చూడడం రాలేదన్నమాట" అన్నారు.

ఆ మొదటి దినం సాత్‌తాల్ అడవిలో చూచినవి ఎన్నని చెప్పగలం? నీలిరంగు ఒళ్ళు, ఎర్రని ముక్కు, ఒంటికంటే పొడవైన తోక గల పిట్టలు నాలుగు ఒకదాని వెనుక ఒకటి లోయ దాటి పోయాయి. పెద్ద ముక్కు గల కుట్రు జాతి పిట్ట ఒకటి ఎక్కడో చెట్టు కొన మీద కూర్చుని తెగ ఏడ్చినట్లు అరుస్తూనే ఉంది. తెల్లని తలపాగా చుట్టుకొన్నట్టున్న పిట్టలు ఇరవై దాకా పొదలలో చేరి ఒక్కసారిగా పగలబడి నవ్వాయి. మా ఇంటివారు, "ఎవరో ఆడపిల్లలు అనుకున్నానండీ" అన్నారు. గైడు దగ్గర దుర్భిణులు రెండే ఉన్నాయి. ఒకటి తన మెడలో. రెండవది మా అందరికీ కలిపి. దానిని జాగ్రత్తగా మోసే పని మా చిన్నబ్బాయికి అప్పగించాము. వాడి సంతోషం చూడాలి!

రెండవ దినం ఉదయం నైనీతాల్ మీదుగా పంగోట్ అనే పల్లెకు బయలుదేరాము. నైనీతాల్ నుండి అది 15 కిలోమీటర్లు. దారిలో జీపు ఆపి గైడు, ఊరికి ఆనుకొని ఉన్న ఒక కొండను చూపించాడు. దాని పేరు షేర్ కా డాండా. "అక్కడ 1876లో ఒక పిట్టను కాల్చారు. ఆ తరువాత దానిని ఎవరూ రూఢిగా చూడలేదు" అన్నాడు.

దాని కథ ఇది. హిమాలయపు కౌజు అని ఒక పిట్ట. కౌజుపిట్టలు మన పొలాలలోనూ ఉంటాయి గనుక మీకు తెలిసినవే. ఈ హిమాలయపు కౌజు మాత్రం వేరు. మగది నల్లని బూడిద రంగు, నొసట తెలుపు, ముక్కు, కాళ్ళు ఎరుపు. ఆడది గోధుమ రంగు. ఒత్తైన గడ్డిలో దాగి ఉండి, మనిషి కాలు దాదాపు మీద పడేదాకా లేచేది కాదట. 1846లో శాస్త్రజ్ఞులు దానిని మొదట వర్ణించారు. మసూరీ, నైనీతాల్ ప్రాంతాలలో తప్ప మరెక్కడా దొరకలేదు. లోకంలోని మ్యూజియములన్నిటిలో కలిపి దాని చర్మాలు డజనుకు అటూ ఇటూగా ఉన్నాయి, అంతే. దాదాపు నూటయాభై ఏళ్ళుగా కనబడని పిట్ట. అయినా శాస్త్రజ్ఞులు దానిని అంతరించిన వాటి పట్టీలో వ్రాయలేదు. తీవ్రమైన ప్రమాదంలో ఉన్నది అని మాత్రమే వ్రాశారు.

"ఎందుకు వ్రాయలేదు? నూటయాభై ఏళ్ళు చాలవా?" అని మేము అడిగాము.

"వెదకవలసిన చోటల్లా వెదికామని చెప్పగలిగినప్పుడు వ్రాస్తారు పాదరీ జీ. ఆ నిట్టవాలు గడ్డి కొండలు మీరూ చూస్తున్నారు గదా. ఒకసారి లేదని వ్రాస్తే ఇక వెదికేవాడు ఉండడు" అన్నాడు గైడు.

అప్పుడు మా సహోదరి మన కలివికోడి సంగతి ఎత్తుకొంది. గైడుకు ఆ సంగతి ముందే తెలుసు. తెలియనిది మాకే! మన తెలుగు నేల మీది పిట్ట గురించి హిమాలయాలలో విని తెలుసుకోవలసి వచ్చింది. ముళ్ళపొదల మధ్య రాత్రివేళ నేలమీద పరుగెత్తే చిన్న పిట్ట అది. థామస్ జెర్డాన్ అనే వైద్యుడు 1848లో దానిని లోకానికి తెలియజేశాడు. 1900 తరువాత కనబడలేదు. పోయిందనే చాలామంది అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మాత్రం బొమ్మలు పట్టుకొని కడప జిల్లా పల్లెలలో తిరిగి అడిగారు. 1986 జనవరిలో, లంకమల కొండల ప్రాంతంలో, అక్కడి వేటగాడు ఒకడు రాత్రి టార్చి వెలుతురులో దానిని పట్టి తెచ్చాడు. 86 ఏళ్ళ తరువాత! ఆ పిట్ట నిమిత్తమే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పెద్ద చదువులు చదివినవారు లేదనుకొన్నదానిని, గొర్రెలు కాచేవారు, వేటాడేవారు తిరిగే చోట్లనే వెదికితే దొరికింది.

ఇదంతా విని ఔనౌనని తల ఊపినవారము మేము. ఆ దినం సాయంకాలానికే ఏమి చేశామో చూడండి.

పంగోట్ రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న చిన్న పల్లె. చుట్టూ బాంజ్ చెట్ల అడవి. బాంజ్ చెట్టు ఓక్ జాతిది. ఆకు రాలి నేలను మెత్తగా కప్పుతుంది, వాన నీటిని పట్టి ఉంచుతుంది. బాంజ్ ఉన్న చోట ఊట ఉంటుందని అక్కడి ఆడవారు చెప్తారు. మధ్యాహ్నం ఆ అడవిలో ఒక వాగు దగ్గర దిగాము. నలుపు తెలుపు చుక్కలు గల పిట్ట ఒకటి, కత్తెరవలె చీలిన పొడుగాటి తోకను ఊపుకొంటూ రాయినుండి రాయికి దాటుతోంది. అందరం వంతులవారీగా చూశాము. మొగము కడుక్కొన్నాము, రొట్టెలు తిన్నాము, మళ్ళీ నడక సాగించాము. రెండు కిలోమీటర్లు పోయిన తరువాత పైన ఆకాశంలో పెద్ద రాబందు కనబడింది. "దుర్భిణి తే" అన్నాము. మా అబ్బాయి మెడ తడుముకొన్నాడు. దుర్భిణి లేదు.

"ఏదిరా?"

"నా దగ్గర లేదు నాన్నా. వాగు దగ్గర మీరే..."

వాడిని మాట పూర్తి చేయనివ్వలేదు. క్రిందటి సంవత్సరం వాడు చేతి గడియారం పోగొట్టాడు. ఆ సంగతి మా మనసులో అచ్చుపడి ఉంది. "గడియారం పోయినప్పుడూ ఇదే మాట. నీకు ఏ వస్తువు ఇచ్చినా ఇంతే. అది ఆ పేదవాడి జీవనం, తెలుసా నీకు? తప్పు చేసింది గాక మా మీద పెడతావా?" అని అందరి ఎదుటా గట్టిగా అన్నాము. ఇంకా ఏమేమో అన్నాము. వ్రాయడానికి సిగ్గుగా ఉంది. వాడు మారు మాట్లాడలేదు. మొగము ఎర్రబడింది. గైడు మధ్యలో వచ్చి, "కోప్పడకండి, వెదుకుదాం" అని వాడి భుజం మీద చెయ్యి వేసి వాగుదాకా తీసుకొని వెళ్ళాడు. ఈలోగా వాన పట్టుకొంది. గంటన్నర తరువాత ఇద్దరూ తడిసి ముద్దై వచ్చారు. దుర్భిణి దొరకలేదు.

వాన వెలిసేదాకా మేము ఒక పశువుల పాక చూరు కింద నిలబడ్డాము. సహోదరి రాబందుల సంగతి చెప్తోంది. మాకు సగమే చెవికెక్కింది గాని పల్లెవాసులైన చదువరులకు అది ముఖ్యం గనుక తరువాత అడిగి వ్రాసుకొన్నాము. మన దేశంలో 1990ల నుండి రాబందులు రాలిపోయాయి. కొన్ని జాతులలో నూటికి తొంభైకి పైగా పోయాయి. ఏదో అంటురోగమని చాలామంది అన్నారు. ఊరకే అనుకోకుండా, చచ్చిన పిట్టలను కోసి పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2004లో అసలు కారణం బయటపెట్టారు. పశువులకు నొప్పికి, జ్వరానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు. ఆ మందు పడిన పశువు చస్తే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడైపోతాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు పొడుస్తున్నారని 2015లో వాటినీ ఆపింది. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మరి రెండు మందులను 2023లో నిషేధించింది. మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదు. మీ గేదెకు సూది వేయించేటప్పుడు పశువైద్యుని ఒక్క మాట అడగండి.

సాయంకాలం బసకు చేరాము. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మా అబ్బాయి పొయ్యి పక్కన బూట్లు ఆరబెట్టుకొని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చీకటి పడుతూ ఉండగా అడవిలోనుండి ఒక పిట్ట కూత వినవచ్చింది. నాలుగు స్వరాలు, తెగి తెగి, మళ్ళీ అవే నాలుగు. కోకిల జాతిది. గైడు వంటవాని చేతినుండి టీ గ్లాసు అందుకొని, "ఆ పిట్ట ఏమంటుందో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు" అని ఈ కథ చెప్పాడు.

కొండలలో కాఫల్ అని ఒక చెట్టు ఉంటుంది. వేసవి మొదట్లో చిన్న చిన్న ఎర్రని పండ్లు కాస్తుంది. ఒక ఊళ్ళో ఒక పేద తల్లి, ఒక కూతురు. తల్లి తెల్లవారుజామున అడవికి పోయి బుట్టెడు కాఫల్ పండ్లు కోసుకొని వచ్చింది. వాటిని అమ్మితేనే ఆ పూట గింజలు. "నేను గడ్డికి పోయివస్తాను. పండ్లు కనిపెట్టుకొని ఉండు. ఒక్కటి కూడా తినవద్దు" అని కూతురికి చెప్పి పోయింది. పిల్ల ఆకలితోనే కూర్చుంది, ఒక్క పండు ముట్టలేదు. తల్లి ఎండలో అలసిపోయి వచ్చి చూస్తే బుట్ట వెలితిగా ఉంది. "తిన్నావు గదూ!" అని కోపంతో కొట్టింది. ఆ దెబ్బ తగలరాని చోట తగిలి పిల్ల చనిపోయింది. సాయంకాలం వాన కురిసింది. ఎండకు వాడి కుంగిపోయిన పండ్లు తేమకు మళ్ళీ ఉబ్బి బుట్ట నిండిపోయింది. తల్లి అది చూచి గుండె పగిలి చనిపోయింది. ఆ పిల్లే పిట్టయై, కాఫల్ పండినప్పుడల్లా, పండ్లు పండాయి, నేను తినలేదమ్మా అని చెప్పుకొంటూ తిరుగుతుందని కుమావూ వారు అంటారు.

కథ అయిపోయింది. బయట పిట్ట కూస్తూనే ఉంది. గైడు మావైపు చూడలేదు. మా అబ్బాయి వైపూ చూడలేదు. గ్లాసు కడుక్కొని వెళ్ళి పడుకొన్నాడు.

మేము కూడా పడుకోబోతూ రక్తపోటు మాత్ర కోసం మా చేతిసంచి తెరిచాము. సంచిలో మడతపెట్టిన శాలువ బరువుగా తగిలింది. విప్పితే లోపల దుర్భిణి.

అప్పుడు గుర్తుకు వచ్చింది. వాగు దగ్గర ఆ కత్తెరతోక పిట్టను చూడడానికి వాడి మెడనుండి మేమే తీసుకొన్నాము. మొగము కడుక్కొనేటప్పుడు తడవకుండా ఉండాలని మేమే శాలువలో చుట్టి సంచిలో పెట్టాము. "వాగు దగ్గర మీరే" అని వాడు మొదలుపెట్టినది ఆ మాటే. వాడిని పూర్తి చేయనిచ్చి ఉంటే అక్కడే తేలిపోయేది. చూడకముందే పేరు పెట్టాము. వాడికి పెట్టిన పేరు దొంగ అని కాదు గాని, అజాగ్రత్తపరుడు, పైగా అబద్ధికుడు. ఆ పేరుతో వాడు వానలో నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చి నిద్రపోతున్నాడు.

మా ఇంటివారిని లేపి దుర్భిణి చూపించాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. "తెల్లవారిన తరువాత వాడిని పక్కకు పిలిచి చెప్తాను" అన్నాము. ఆమె, "అందరి ముందు అన్నారు గదండీ. అందరి ముందే చెప్పాలి" అన్నారు.

మూడవ దినం నాలుగు గంటలకే లేచాము. వినాయక్ అనే చోటికి పోవాలి, తెల్లవారకముందే అక్కడ ఉండాలి. జీపు ఎక్కేముందు, లాంతరు వెలుతురులో అందరూ టీ త్రాగుతూ ఉండగా, దుర్భిణి బల్లమీద పెట్టి, అది ఎక్కడ దొరికిందో, ఎవరు పెట్టారో చెప్పాము. "నిన్న అన్న మాటలన్నీ తప్పు. నువ్వు నిజం చెప్పావు, మేము వినలేదు. మమ్మల్ని క్షమించు" అని మా అబ్బాయితో అన్నాము. పెద్దలలో ఒకరికి ఇబ్బందిగా తోచింది. "పిల్లవాడి ముందు అంత మాట ఎందుకు అయ్యగారూ, దొరికింది చాలును గదా" అన్నారు. రెండవ పెద్దాయన ఆయన మోచేయి పట్టుకొన్నారు.

మా అబ్బాయి నేలవైపు చూస్తూ, "నా బూట్లు ఇంకా ఆరలేదు నాన్నా" అన్నాడు. అంతే అన్నాడు. మా పొడి మేజోళ్ళు వాడికి ఇచ్చాము. వాడు తొడుక్కొన్నాడు. దుర్భిణి తీసి వాడి మెడలో మేమే వేశాము.

వినాయక్ దగ్గర కొండ వాలు నిట్టనిలువుగా ఉంటుంది. గడ్డి, బండలు, అక్కడక్కడ చెట్లు. చీర్ అనే అడవికోడి కోసం అక్కడికి పోతారు. ఒంటినిండా బూడిద, గోధుమ రంగు చారలు, కంటి చుట్టూ ఎర్రని చర్మం, చాలా పొడవైన తోక. గడ్డివాలులే దానికి ఇల్లు. వేసవిలో నేలమీదనే గుడ్లు పెడుతుంది. ఒక పక్క వాలు నల్లగా కాలి ఉంది. చీడ్ అనే పైన్ చెట్ల సూదులవంటి ఆకులు వేసవిలో నేలమీద పేరుకొని, నిప్పురవ్వ పడితే చాలు, కొండంతా అంటుకొంటుంది. 2024 ఏప్రిల్‌లో నైనీతాల్ అడవులు అంటుకొన్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు భీమ్‌తాల్ చెరువులో నీళ్ళు ముంచుకొని వచ్చి పోశాయి. "చెట్టు మీది పిట్ట ఎగిరిపోతుంది. నేలమీద గుడ్లు పొదిగే తల్లికోడి ఏం చేస్తుంది?" అని గైడు అడిగాడు. చీర్ కోడి ఇప్పుడు ముప్పు ఉన్న జాతుల పట్టీలో ఉంది.

గంటసేపు చలిలో నోరు మెదపకుండా కూర్చున్నాము. తూర్పు తెల్లబారింది. ఎక్కడో కింద కూతలు వినబడ్డాయి. అందరి మెడలు సాగాయి. మాకు గడ్డి తప్ప ఏమీ కనబడలేదు. కాసేపటికి మా అబ్బాయి చాలా నెమ్మదిగా అన్నాడు: "ఎడమ వైపు రెండు బండల మధ్య. తోక పొడుగ్గా ఉంది. చారలున్నాయి. కంటి దగ్గర ఎరుపు. నేలను ముక్కుతో తవ్వుతోంది." పేరు చెప్పలేదు. గైడు తన దుర్భిణితో అటు చూచి, "చీర్" అన్నాడు.

మా వంతు వచ్చేసరికి అది వాలు దాటి పోయింది. మేము చూచినదల్లా గడ్డిలో కదలిక, ఒక తోక కొన. అంత దూరం పోయి చీర్ కోడిని చూడలేదు గదా అని మా పెద్దమ్మ ఇప్పటికీ వేళాకోళం చేస్తారు. చూచినవాడు మా ఇంట్లో ఉన్నాడు, వాడినడగండి అంటాము. వాడు బొమ్మ వేసి మరీ చూపిస్తాడు.

తిరుగు ప్రయాణంలో రైలులో మా అబ్బాయి పై బెర్తు మీదనుండి, "నాన్నా, ఆ గడియారం కూడా నేను పోగొట్టలేదు. స్నానాల దగ్గర ఎవరో తీశారు. అప్పుడు కూడా చెప్పాను" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. "ఇప్పుడు చెప్పు, వింటాము" అన్నాము. వాడు చెప్పాడు. విన్నాము. అది నిజమో కాదో తేల్చే సాక్ష్యం ఏమీ లేదు. అయినా మా పట్టీలో వ్రాసినది కొట్టివేశాము.

చదువరులారా, మీలో తల్లిదండ్రులైనవారు, పంచాయితీలు తీర్చేవారు, బడిలో పాఠాలు చెప్పేవారు ఉన్నారు. దినానికి ఎన్నిసార్లు ఎవరికో ఒకరికి పేరు పెడుతూ ఉంటాము. ఇల్లు వెలితిగా కనబడగానే ఎవరు తిన్నారని కేకలు వేసేముందు, ఎండకు వాడిన పండ్లేమో ఒక్క పూట ఆగి చూడవచ్చు. అలాగే, అందరి ఎదుట అన్న మాటను చాటుగా సరిచేసుకొంటే సగమే సరిచేసినట్టు. ఇది మా ఇంటివారు మాకు నేర్పిన పాఠం.

ఇక పెద్దమ్మ ప్రశ్నకు జవాబు. పిట్టల కోసం అంత దూరం పోనక్కరలేదు. వచ్చే సెలవులలో ఒక ఉదయం అరగంట మీ పిల్లలతో కలిసి చింతచెట్టు కిందనో చెరువు గట్టునో కూర్చోండి. ఒక నోటు పుస్తకం పెట్టుకొని, ముక్కు, తోక, రంగు, చేస్తున్న పని వ్రాయించండి. పేరు ఆఖరున. పిల్లవాడు చెప్తూ ఉంటే మధ్యలో అందుకోవద్దు. ఎన్ని రకాలు లెక్కకు వచ్చాయో మాకు ఉత్తరం వ్రాయండి. మా అబ్బాయి మా ఇంటి చుట్టూ 31 రకాలు వ్రాశాడు. అందులో పదకొండింటిని ఇన్నేళ్ళుగా మేము కాకులు, పిచ్చుకలు అనే అనుకొంటూ వచ్చాము.

మరల వచ్చే నెల కలుసుకొందాము.